పాఠకుల సందేహాలు: దేవుని కొరకైన దప్పిక

గత సంచికలో 42వ కీర్తన మీద వచ్చిన ధ్యానాన్ని చదివి పాఠకులు పంపిన ఉత్తరాలలో ఐదింటికి ఈ నెల సమాధానం ఇస్తున్నాము. దాదాపు అన్నీ దేవుని కొరకు ప్రాణం పడే ఆరాటం గురించే ఉన్నాయి కాబట్టి, వేరే విషయాల మీద వచ్చిన ప్రశ్నలను వచ్చే నెలకు ఉంచాము. అడిగినవారి పేర్లు ప్రచురించడం లేదు.

ప్రశ్న: అయ్యగారికి ప్రభువు నామమున వందనములు. నేను పుట్టుకతో క్రైస్తవురాలిని. ముప్పై ఏళ్లుగా మా సంఘంలో పాటల బృందంలో పాడుతున్నాను. రెండేళ్ల నుంచి ప్రార్థనకు కూర్చుంటే నోరు పలుకుతుంది గాని లోపల చెమ్మ లేదు. ఆరాధనలో పక్కవాళ్లు కన్నీళ్లు కారుస్తుంటే నేను పాటల పుస్తకంలోకి చూస్తూ నిలబడతాను. మొన్న ఉజ్జీవ కూటాలకు వచ్చిన ప్రసంగీకులు, కన్నీళ్లు లేని ప్రార్థనలో దప్పిక లేదనీ, దప్పిక లేనివారు ఆత్మలో చనిపోయినట్లేననీ చెప్పారు. ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. నా ఆత్మ చనిపోయిందా? ఈ స్థితిలో బృందంలో పాడుతూ ఉండడం వేషధారణ కాదా?
— ఒక సోదరి, రాజమహేంద్రవరం

సమాధానం: సోదరీ, చనిపోయినవారికి నిద్రపట్టకపోవడం ఉండదు. మీ ఉత్తరంలో నాకు ముందుగా కనిపించింది ఆ ఒక్క వాక్యమే. దేవుడు దూరమైనాడన్న బాధ దేవుడంటే లెక్కలేనివారికి కలుగదు. రెండేళ్లుగా మీరు మోస్తున్న ఈ బరువు ఆయన మీద ప్రేమ ఉన్నవారే మోయగలిగినది.

ఆ ప్రసంగీకులు ఆధారంగా తీసుకున్నది 42వ కీర్తనే అయి ఉండవచ్చు. "దుప్పి నీటివాగులకొరకు ఆశపడునట్లు దేవా, నీకొరకు నా ప్రాణము ఆశపడుచున్నది" అనే మాట మన సంఘాలలో ఎన్నో పాటలకూ, గోడ క్యాలెండర్లకూ ఎక్కింది. క్యాలెండర్ల మీద ఆ దుప్పి ఎప్పుడూ పచ్చని అడవిలో, నిండుగా పారే సెలయేటి పక్కన నిలబడి ఉంటుంది. కీర్తనలోని దుప్పికి మాత్రం నీళ్లు దొరకలేదు. ఆ పాట రాసినవాడు ఆరాధనలో పరవశించి రాయలేదు. ఆరాధన అందని చోట కూర్చుని రాశాడు. తన కన్నీళ్లే తనకు అన్నపానములైనవని అతడు చెప్పిన మాట నిజమే. అయితే ఆ కన్నీళ్లు ఎందుకు వచ్చాయో అదే వచనంలో ఉంది: "నీ దేవుడు ఏమాయెను" అని చుట్టూ ఉన్నవారు రోజూ అడుగుతున్నారు, అతని దగ్గర జవాబు లేదు. అవి దేవుని సన్నిధి తెలిసి కార్చిన కన్నీళ్లు కావు, తెలియక కార్చినవి. తొమ్మిదవ వచనానికి వచ్చేసరికి, నన్నెందుకు మరచిపోయావని అతడు దేవుణ్ణే నిలదీస్తాడు. ఈ కీర్తనను చూపించి, ఎండిపోయినవారికి దప్పిక లేదని ఎవరైనా చెబితే, కీర్తనకారుణ్ణే సభలోంచి లేపి బయటికి పంపినట్లు అవుతుంది.

ఈ పాట పాడినది కోరహు కుమారులని శీర్షికలో ఉంది. వారు దేవాలయంలో పాటలు పాడే లేవీయుల వంశంవారు. నాలుగవ వచనంలో ఆ గాయకుడు తన పాత రోజులను తలచుకుంటాడు: పండుగకు వెళ్లే జనసమూహంతో నడిచాడు, స్తోత్రములు పాడుతూ వారిని దేవుని మందిరానికి నడిపించాడు. అంటే ఇది మీ వంటివారు రాసిన పాట. ముప్పై ఏళ్లు బృందంలో పాడి, ఇప్పుడు లోపల ఏమీ పలకని ఒక గాయకుడి పాట. అతడున్న చోటు కూడా గమనించదగినది. యొర్దాను ప్రదేశం, హెర్మోను పర్వతం, మిసారు కొండ అని ఆరవ వచనం చెబుతుంది. హెర్మోను 2,814 మీటర్ల ఎత్తైన మంచు కొండ. ఆ మంచు కరిగి, కొండ అడుగున ఊటలుగా ఉబికి, యొర్దాను నది పుట్టేది అక్కడే. ఆ దేశం మొత్తంలో అంతకంటే నీళ్లున్న చోటు మరొకటి లేదు. అందుకే ఏడవ వచనంలో జలప్రవాహాల హోరు వినిపిస్తుంది. చెవులు చిల్లులు పడేలా నీళ్లు పారుతున్న చోట కూర్చుని ఒక మనిషి దాహం అంటున్నాడు. వారానికి నాలుగు కూడికలు, ప్రతి పండుగకూ ఉజ్జీవ కూటాలు, రోజంతా యూట్యూబులో ప్రసంగాలు, వీటన్నిటి మధ్యన కూర్చుని గొంతు ఆరిపోయిందనడం మీకు సిగ్గుగా తోచి ఉండవచ్చు. కోరహు కుమారునికి అది సిగ్గుగా తోచలేదు.

ఇక దప్పిక అన్న మాట సంగతి. మొదటి వచనంలో మనం "ఆశపడునట్లు" అని చదువుకునే హెబ్రీ క్రియాపదం, ఈ వచనం కాక పాత నిబంధనలో మరొక్క చోటే కనిపిస్తుంది. అది యోవేలు 1:20. నదులు ఎండిపోయి, మేతస్థలములు కాలిపోయినప్పుడు పశువులు దేవునికి "మొఱ్ఱ పెట్టుచున్నవి" అని మన అనువాదం. అక్కడ ఉన్నది మనుషుల భక్తి కాదు, కరువులో పశువుల గొంతు.

నేను కొన్నేళ్లు మార్కాపురం వైపు ఒక మెట్ట పల్లెలో సంఘకాపరిగా ఉన్నాను. మే నెలలో ట్యాంకరు రెండు రోజులు రాకపోతే ఊరి చివర పశువుల నీళ్ల తొట్టి అడుగంటేది. ఒక సాయంత్రం ఒక బర్రె ఆ తొట్టిలోకి మెడ చాచి, సిమెంటు గోడ అడుగున మిగిలిన తడి మరకను నాకుతూ ఉండడం చూశాను. ఆ తడి కూడా ఆరిపోయాక అది ఇంటిదారి పడుతుందనుకున్నాను. పట్టలేదు. కొళాయి గొట్టం దగ్గర ముట్టె ఆనించి, గొంతులో సన్నగా మూలుగుతూ, చీకటి పడేదాకా అక్కడే నిలబడింది. దాని కంట చుక్క నీరు లేదు. దానికి ఎంత దాహం వేస్తోందో అది నిలబడిన చోటే చెప్పింది. యోవేలు వాడిన మాటకు అర్థం నాకు ఆ రోజు తెలిసినంతగా ఏ నిఘంటువులోనూ తెలియలేదు. రెండేళ్లుగా తడి తగలకపోయినా మీరు ఆదివారం ఉదయం పాటల పుస్తకం పట్టుకుని ఆ బల్ల దగ్గరే నిలబడుతున్నారు. దానిని వేషధారణ అనడానికి నాకు నోరు రాదు. లేని అనుభవాన్ని ఉన్నట్లు నటించి, రాని కన్నీళ్లను రప్పించుకుంటే అది వేషధారణ. మీరు ఆ పని చేయలేదు. పుస్తకంలోకి చూస్తూ నిలబడ్డారు.

ఇటువంటి ఎడారిలో నడిచిన విశ్వాసులు చాలామంది ఉన్నారు. కోల్‌కతాలో మదర్ తెరెసా 1997లో మరణించిన పదేళ్లకు, ఆమె తన ఆత్మీయ సలహాదారులకు రాసుకున్న ఉత్తరాలు అచ్చయ్యాయి. దశాబ్దాల తరబడి ఆమెకు ప్రార్థనలో దేవుని సన్నిధి అనుభవంలోకి రాలేదని వాటిని చదివిన లోకానికి అప్పుడు తెలిసింది. ఆమె స్థాపించిన సంస్థ ప్రార్థనా మందిరాలలో సిలువ పక్కన "దప్పిగొనుచున్నాను" అన్న ప్రభువు మాట రాసి ఉంటుంది. ఆ రాత ఎదుట రోజూ మోకరించి, లోపల ఏమీ తెలియకుండానే లేచి, వీధిలో పడి ఉన్నవారిని ఎత్తుకోవడానికి వెళ్లిందామె.

మరొక మాట కూడా చెప్పాలి. రెండేళ్ల నుంచి అంటున్నారు. ఆ రెండేళ్లలో నిద్ర, ఆకలి తగ్గాయా, ఇంటి పనుల మీదా మనుషుల మీదా కూడా మనసు పోవడం లేదా అన్నది చూసుకోండి. అలా ఉంటే డాక్టరుకు చూపించుకోవడం అవిశ్వాసం కాదు. ఏలీయా బదరీవృక్షము కింద పడుకుని, నా ప్రాణం తీసేయమని అడిగినప్పుడు, దూత అతనికి ప్రసంగం చేయలేదు. నిప్పుల మీద కాల్చిన అప్పమూ నీళ్లబుడ్డీ పెట్టి తినమన్నాడు, మళ్లీ పడుకుంటే నిద్రపోనిచ్చి, రెండోసారి లేపి మళ్లీ తినమన్నాడు. దేవుడు అతనితో మాట్లాడింది ఆ తరువాతే.

పాటల బృందం మానకండి. కొన్ని వారాలు 42, 43 కీర్తనలను కలిపి ఒకే కీర్తనగా, పైకి చదవండి. అవి మొదట ఒక్కటేనన్నది పండితులు సాధారణంగా అంగీకరించే మాట. "నా ప్రాణమా, నీవేల క్రుంగియున్నావు?" అన్న పల్లవి అందులో మూడుసార్లు వస్తుంది. మొదటిసారి అడిగినప్పుడు ప్రాణం లేవలేదు, రెండోసారీ లేవలేదు. అయినా మూడోసారి అడిగి, జవాబు రాకుండానే ఆ పాట ముగిసింది. ముగిసిన పాటనే ఇశ్రాయేలీయులు ఆరాధనలో పెట్టుకున్నారు.

ప్రశ్న: మన పాటల్లో "ఆత్మ దాహం" అని పాడుతాము. బైబిలులో చూస్తే "ప్రాణము" అని ఉంది. ఏది సరైనది? మా ఆఫీసులో ఒక హిందూ మిత్రుడు, మీరు చెప్పేది మా జీవాత్మ పరమాత్మ కోసం పడే తపనే కదా అంటున్నాడు. ఏమని జవాబు చెప్పాలి?
— ఒక పాఠకుడు, వరంగల్

సమాధానం: తమ్ముడూ, రెండు మాటలూ బైబిలులోనివే. యెషయా 26:9లో ప్రాణమూ ఆత్మా రెండూ ఒకే వాక్యంలో దేవుణ్ణి ఆశిస్తాయి. మరియ పాడిన పాటలో ప్రాణం ప్రభువును ఘనపరుస్తుంది, ఆత్మ ఆనందిస్తుంది. కొందరు బోధకులు నల్లబల్ల మీద మూడు వృత్తాలు గీసి, శరీరానికి ఇంత, ప్రాణానికి ఇంత, ఆత్మకు ఇంత అని హద్దులు పంచి పెడతారు. కవిత్వానికి అంత కచ్చితమైన సర్వే రాళ్లు ఉండవని నా అభిప్రాయం.

కాని "ప్రాణము" అన్న అనువాదం నాకు చాలా ఇష్టం. అక్కడి హెబ్రీ మాట నెఫెష్. దానికి గొంతు అన్న అర్థం కూడా ఉంది. 69వ కీర్తన మొదట్లో జలములు ప్రాణము మీద పొర్లుతున్నాయన్న చోట కవి చెబుతున్నది, మనం వాడుకలో అనే "గొంతు దాకా వచ్చింది" అన్న సంగతే. గొంతు అంటే గాలి, నీరు, తిండి లోపలికి వెళ్లే దారి. అది మూసుకుంటే మనిషి లేడు. మన భాషలోనూ దాహంతో అల్లాడినవాడు గ్లాసెడు మజ్జిగ తాగి "ప్రాణం లేచి వచ్చింది" అంటాడు గాని "ఆత్మ లేచి వచ్చింది" అనడు. దేవుని కొరకైన దప్పిక మనిషిలో ఏదో ఒక సూక్ష్మ భాగానికి పుట్టే కోరిక కాదు, మనిషి మొత్తం ఆయన లేనిదే ఊపిరాడని ప్రాణి అన్న సంగతిని ఆ మాట పట్టుకుంది. అందుకే 63వ కీర్తనలో ప్రాణం తృష్ణగొనడంతో పాటు శరీరమూ కృశిస్తుంది.

మీ మిత్రునికి జవాబు కూడా ఇక్కడే మొదలుపెట్టవచ్చు. ఆదికాండము 2:7లో దేవుడు నేలమంటితో నరుని చేసి, నాసికారంధ్రములలో జీవవాయువును ఊదగా "నరుడు జీవాత్మ ఆయెను" అని మన తెలుగు బైబిలులో ఉంది. అక్కడ మూలంలో ఉన్నది ఈ నెఫెష్ అన్న మాటే. అనువాదకులు మన నేల మీద నలిగిన మాటనే తీసుకున్నారు, కాని దానిని మట్టితో చేసి, ఊపిరి అరువిచ్చిన ఒక ప్రాణికి పెట్టారు. అద్వైతం చెప్పే ఐక్యంలో నదికీ సముద్రానికీ తేడా మిగలదు. క్రైస్తవ విశ్వాసంలో సృష్టికర్త సృష్టికర్తగానే, సృష్టి సృష్టిగానే ఉంటాయి; మనం ఎదురుచూసేది కలిసిపోవడం కాదు, "ముఖాముఖిగా" చూడడం. చూడడానికి ఇద్దరుండాలి.

అయితే ఆయన మాటను తోసిపుచ్చవద్దు. భక్తుని ఆరాటం గురించి తెలుగువారికి ఎవరూ కొత్తగా నేర్పనక్కర లేదు. గోలకొండ చెరసాలలో రామదాసు తన దేవునితో పెట్టుకున్న పోట్లాటను ఎరిగినవారికి, నన్నెందుకు మరచావన్న కోరహు కుమారుని మాట వింతగా వినిపించదు. పురుషోత్తమ చౌదరి (1803–1890) క్రీస్తు మీద తెలుగు కీర్తనలు కట్టినప్పుడు, ఈ నేల భక్తులకు అలవాటైన రాగతాళాలనే వాడుకున్నారు. వేరైన చోట వేరని చెప్పండి, కలిసిన చోట సంతోషించండి.

ప్రశ్న: నేను బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. ఒక్కణ్ణే అద్దె గదిలో ఉంటాను. రాత్రి తొమ్మిది దాటాక ఏదో వెలితి. ఊళ్లో ఉండగా అది దేవుని కోసం దాహమని నేర్పారు. ఇక్కడి స్నేహితులు అది ఒట్టి ఒంటరితనమేననీ, తండ్రి నీడ కోసం పిల్లవాడు పడే ఆరాటమే దేవుడిగా మారుతుందని ఫ్రాయిడ్ ఎప్పుడో చెప్పాడనీ అంటున్నారు. నాకు ఏది నిజమో తెలియడం లేదు.
— ఒక యువకుడు

సమాధానం: తమ్ముడూ, ఫ్రాయిడ్ 1927లో ఈ వాదాన్ని ఒక పుస్తకంగానే రాశాడు. దానికి మనవాళ్లు కొందరు, దాహం ఉంది కాబట్టి నీళ్లున్నట్లే అని ఒక్క ముక్కలో జవాబిస్తారు. ఆ జవాబు మీద నాకు అంత నమ్మకం లేదు. ఎడారిలో దాహంతో చచ్చిపోయినవారు ఉన్నారు. కోరిక ఉన్నంత మాత్రాన అది తీరుతుందన్న పూచీ లేదు. అలాగే, నేను కోరుకుంటున్నాను కాబట్టి అది అబద్ధమై ఉండాలి అన్న వాదమూ నిలవదు. తప్పిపోయిన పిల్లవాడు తల్లిని కోరుకోవడం, తల్లి లేదనడానికి రుజువు కాదు. మన విశ్వాసం మన వెలితి మీద కట్టినది కాదు. పొంతి పిలాతు కాలంలో సిలువ వేయబడి తిరిగి లేచిన ఒకని మీద కట్టినది. అది నిజమా కాదా అని విచారించు, రాత్రి తొమ్మిది గంటలకు మనసు ఎలా ఉందన్న దానిమీద దానిని తేల్చకు.

నీ ఒంటరితనం సంగతి వేరు. దానిని దేవుని దాహంగా మార్చి చెప్పుకోవలసిన అవసరం లేదు. "నరుడు ఒంటరిగా నుండుట మంచిది కాదు" అన్న మాట ఎప్పుడు వచ్చిందో చూడు. పాపం ఇంకా లోకంలోకి రాలేదు, ఆదాముకు దేవునితో ఏ అడ్డూ లేదు. అప్పుడు దేవుడే ఆ మాట అన్నాడు. నేను చాలనా నీకు అని ఆయన ఆదామును గద్దించలేదు. మనిషికి మనిషి కావాలి. కాబట్టి రాత్రి అమ్మకు ఫోను చెయ్యి, గది పంచుకునే ఒక తోడు వెతుక్కో, నీ దగ్గరలో ఉన్న తెలుగు సంఘంలో ఆదివారం ఆరాధన అయ్యాక వెంటనే బండి ఎక్కకుండా కాసేపు నిలబడు. ఆ వెలితిలో ఎంత భాగం దీనితో తీరుతుందో, అంత భాగం ఒంటరితనమే.

మిగిలినదాని గురించి చెప్పడానికి అగస్టీనుకంటే తగినవాడు లేడు. ఇప్పటి అల్జీరియాలో ఉన్న తగస్తే అనే ఊళ్లో 354లో పుట్టాడు. తల్లి మోనికా ప్రార్థనాపరురాలు. కొడుకు మాత్రం చదువు, పేరు, వలపు, మానీ మతం అంటూ ముప్పై ఏళ్లు దాటేదాకా తిరిగాడు. ఆ తిరుగుడు రోజుల్లోనే, ఇరవైల మొదట్లో ఉండగా ఒక ప్రాణస్నేహితుడు జ్వరంతో చనిపోతే, ఎటు చూసినా చావే కనిపించి సొంత ఊళ్లో ఉండలేక కార్తేజీకి పారిపోయాడు. చాలా ఏళ్ల తరువాత తన ఒప్పుకోలు రాసుకున్నప్పుడు ఆ దుఃఖాన్ని తలచుకుని, చనిపోయేవాణ్ణి చావులేనివాణ్ణిగా ప్రేమించి నా ప్రాణాన్ని ఇసుకలో ఒలకబోసుకున్నాను అన్నాడు. స్నేహం తప్పని అతడు అనలేదు. ఒక మనిషి మోయలేని బరువును అతని మీద పెట్టానన్నాడు. మిలాను నగరంలో 386లో మనసు తిరిగి, మరుసటి ఏడు ఈస్టరుకు బాప్తిస్మం తీసుకున్నాక కూడా అగస్టీను ఒంటరిగా బతకలేదు. తగస్తేలోనూ, బిషప్పుగా ఉన్న హిప్పోలోనూ స్నేహితులతో కలిసి ఒకే కప్పు కింద, ఒకే బల్ల దగ్గర తిన్నాడు. మమ్మల్ని నీ కొరకే చేసుకున్నావు, నీలో నెమ్మది పొందేదాకా మా హృదయానికి నెమ్మది లేదు అని రాసినవాడు అలా జీవించాడు. మంచి స్నేహితులు, మంచి జీతం, రేపు మంచి భార్య, అన్నీ ఉన్న ఒక రాత్రి కూడా ఏదో మిగిలిపోయిందని నీకు తోస్తే, అగస్టీను మాట అప్పుడు మళ్లీ చదువు.

ప్రశ్న: "దేవుని వెదకువాడెవడును లేడు" అని రోమా 3:11లో పౌలు రాశాడు. మరి మనిషి ఆత్మ దేవుని కోసం తపిస్తుందని ఎలా చెబుతాము?
— ఒక వేదవిద్యార్థి

సమాధానం: పౌలు అక్కడ 14వ కీర్తనను ఎత్తి చూపుతున్నాడు, యూదుడైనా గ్రీసుదేశస్థుడైనా దేవుని ముందు తనంతట తాను నిలబడలేడని చెప్పడానికి. దాహం లేదని ఆయన అనలేదు. దాహంతో మనిషి బద్దలై నీళ్లు నిలువని తొట్ల దగ్గరకు పోతాడన్నది యిర్మీయా చెప్పనే చెప్పాడు. వెదకడం ముందు మన వైపు నుంచి మొదలుకాదన్నదే అసలు విషయం. సమరయలో సుఖారను ఊరి దగ్గర యాకోబు బావి నేటికీ ఉంది, నాబ్లుసు పట్టణంలో ఒక ఆర్థడాక్సు దేవాలయం లోపల. మధ్యాహ్నం ఆ బావి దగ్గరకు వచ్చిన స్త్రీ దేవుణ్ణి వెదకుతూ రాలేదు, కడవ పట్టుకుని నీళ్లకు వచ్చింది. దాహమునకిమ్మని ముందు అడిగినవాడు యేసు. తండ్రి ఆరాధించేవారిని "కోరుచున్నాడు" అని యోహాను సువార్త 4:23లో మనం చదివే చోట, గ్రీకులో ఉన్నది వెదకుచున్నాడు అన్న మాట. అదే సువార్తలో సిలువ మీద ఆయన మళ్లీ దప్పిగొన్నాడు. మన దప్పిక ఆయన దప్పికకు ప్రతిధ్వని వంటిది. ప్రతిధ్వని ముందు పలకదు.

ప్రశ్న: అయ్యా, నాకు 78 ఏళ్లు. చూపు మందగించింది, మనవడు వాక్యం చదివిపెడతాడు. పరలోకంలో కూడా ఈ తపన ఉంటుందా? ఉంటుందని ఒకరు, అక్కడ ఆకలిదప్పులు ఉండవని ఒకరు చెబుతున్నారు. నాకైతే అలసటగా ఉంది.
— ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, శ్రీకాకుళం జిల్లా

సమాధానం: మాస్టారూ, అలసటకు అక్కడ చోటులేదు. "వారికి ఇకమీదట ఆకలియైనను దాహమైనను ఉండదు" అని ప్రకటన 7:16 చెబుతుంది. లేమితో, చూపు ఆనక, జవాబు దొరకక పడే ఈ తపన అక్కడ ఉండదు.

ఉంటుందని చెప్పినవారు కూడా ఒట్టిగా చెప్పలేదు. నాలుగో శతాబ్దంలో కప్పదొకియలో నివసించిన నిస్సా గ్రెగొరీ అనే దైవజ్ఞుడు మోషే జీవితం మీద రాస్తూ ఒక సంగతిని పట్టుకున్నాడు. నిర్గమకాండము 33వ అధ్యాయంలో, మనుష్యుడు తన స్నేహితునితో మాట్లాడినట్లు యెహోవా మోషేతో ముఖాముఖిగా మాట్లాడుతున్నాడని చదువుతాము. కొన్ని వచనాలు దాటగానే ఆ మోషేయే నీ మహిమను నాకు చూపుము అని బతిమాలుతాడు. అంత చూసినవాడు, ఇంకా చూపించమంటున్నాడు. దేవునికి హద్దు లేదు కనుక ఆయనను చూసిన ఆనందానికీ అంతు ఉండదు, చూసినకొద్దీ చూడాలన్న కోరిక పెరుగుతూనే ఉంటుంది అని గ్రెగొరీ భావం. నిద్రపోతున్న మనవడి ముఖాన్ని మీరు ఎన్ని రాత్రులు చూసి ఉంటారు? వాడు ఇంట్లో లేడని కాదు చూసింది. పక్కనే ఉన్నాడు, చూడడం ఇంకా అయిపోలేదు. ఆ కోరికలో అలసట లేదు కదా. నేనైతే గ్రెగొరీ పక్షమే.

మరి ఈ లోకంలో ఆయన మనల్ని ఇంతకాలం వేచి ఉండేలా ఎందుకు చేస్తాడన్నదానికి అగస్టీను యోహాను పత్రిక మీద ప్రసంగిస్తూ ఒక పోలిక చెప్పాడు. సంచిలో పట్టనంత వస్తువు ఇవ్వబోతున్నారని తెలిస్తే, ముందు ఆ సంచిని లాగి సాగదీస్తాము. ఇవ్వడం ఆలస్యం చేసి దేవుడు మన కోరికను సాగదీస్తాడు. కోరిక సాగితే ప్రాణం వెడల్పవుతుంది, అప్పుడు పడుతుంది. సాగదీసేటప్పుడు సంచికి నొప్పి వేయదు గాని మనకు వేస్తుంది. 78 ఏళ్లుగా సాగుతున్నారు మీరు.

ఈ రాత్రి మనవడిని ప్రకటన గ్రంథం చివరి అధ్యాయం, 17వ వచనం చదవమనండి. "ఆత్మయు పెండ్లి కుమార్తెయు రమ్ము అని చెప్పుచున్నారు; వినువాడును రమ్ము అని చెప్పవలెను; దప్పిగొనిన వానిని రానిమ్ము." ఒకటికి రెండుసార్లు చదివించుకోండి. ముందు వచ్చే "రమ్ము" ప్రభువును పిలవడానికి మీరు పలకవలసినది. తరువాతి "రానిమ్ము" మీ గురించి ఆయన వైపు నుంచి వచ్చిన మాట.